మైలేజీ గురించి మా ఆయన చెప్పిన అబద్ధం

ఖరగ్‌పూర్, 1994 జూన్, మంగళవారం

పికప్ వ్యాను కొనబోతూ తమ్ముడు సలహాకి వచ్చాడు. మాదీ అదే బండి కదా.

"మైలేజీ ఎలాగుంది బావా?" అని అడిగాడు.

"బంగారంలాటి బండి. లీటరుకి పదారు ఇస్తాది," అన్నారు ఈయన.

పొద్దున్నే మలంచా రోడ్డులో డీజిల్ అయిపోయి దాన్ని తోసుకొచ్చిన మనిషి! నేను ఊరుకోలేదు. "ఏటి పదారు? పది కూడా రాదురా, కొనకు," అన్నాను.

"బండి సంగతులు నీకేటి తెలుస్తాయక్కా," అని నవ్వేసి, తమ్ముడు అడ్వాన్సు కట్టడానికి వెళ్ళిపోయాడు.

వాడు గేటు దాటగానే ఈయన్ని నిలదీశాను. చొక్కా విప్పుకుంటూ తాపీగా అన్నారు: "ఊళ్ళో నానొక్కణ్ణే ఎర్రోణ్ణి అవ్వాలేటి?"

దానికి నా తమ్ముడే దొరికాడా!