రాజన్న సార్‌కు వచ్చిన కార్డు

రాజన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పోయిన వారం మన మంచిర్యాల కాలేజీకి నీ పేర ఒక కార్డు వచ్చింది. "నౌకరీకి కాండక్ట్ సర్టిఫికెట్ కావాలి. వెంటనే పంపండి." అంతే. నమస్కారం లేదు, బాగున్నారా అని లేదు, రాసినవాడి పేరైనా లేదు. సార్లకు ఉత్తరం ఎలా రాయాలో ఏటా క్లాసులో గొంతు చించుకున్నావు. ఇలాంటి వాళ్ల కోసమే!

ఈ రోజు ఆ ఘనుడే స్టాఫ్‌రూంకు వచ్చాడు.

"రాజన్న సార్‌కు కార్డు రాసిన. జవాబే ఇయ్యలే," అని నామీద కసిరాడు.

"సార్ పోయి ఏడాదైందిరా," అన్నాను.

"అట్లనా? మరి మీరు సంతకం పెడ్తరా? జర జల్దీ సార్, బస్సు పోతది."

నువ్వైతే అరగంట తిట్టి, తర్వాత పెట్టేవాడివి. నాకు వాణ్ణి తిట్టాలని కూడా అనిపించలేదు. తలుపు చూపించాను.