అత్తయ్య సెల్లార్

జులై 6, ఆదివారం
సెల్లార్‌లో చీలమండలు మునిగేంత నీళ్ళు. మొన్న కొన్న చాపలన్నీ తేలుతున్నాయి.

సిటీ శివార్లలో, పాల్మాకులలో ఈ ఇల్లు కట్టుకుని ఏడాది. అత్తయ్యకు అరవై ఎనిమిది. భీమవరంలో చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నారు, పెళ్ళితో మాన్పించేశారు. ఆగస్టు 15 నుంచి సెల్లార్‌లో క్లాస్ పెడుతున్నారు. పిల్లలకు కాదు, యాభై దాటిన ఆడవాళ్ళకు. అప్పుడే పదకొండు మంది చేరారు.

అత్తయ్య మెట్ల మీద నిలబడి నీళ్ళు చూసి, "క్లాస్‌కు కాళ్ళు కడుక్కుని రమ్మన్నాను గానీ, మరీ ఇంతలా కాదు" అన్నారు. నవ్వేశాను. ఆవిడ కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని దిగి, చాపలు ఒక్కొక్కటే ఏరారు.

జులై 8
మా ఆయన నరసరాజు గారు వాటర్‌ప్రూఫ్ పెయింట్ తెచ్చి లోపలి గోడలకు తానే వేశారు. గోడలు మెరిసిపోతున్నాయి. ఆయన కూడా.

జులై 15
పెయింట్ పూరీలా ఉబ్బింది. వేలితో నొక్కితే పగిలి నీళ్ళు నా ముఖాన చిమ్మాయి.

జులై 16
బిల్డర్‌కు ఫోన్ చేశాను. సెల్లార్ అన్నాక నీళ్ళు వస్తాయట, అలవాటైపోతుందట. తర్వాత నేనన్నవి ఇక్కడ రాయను.

క్లాస్ పైన హాల్లో పెట్టుకోమని ఈయన సలహా. "ఆ సోఫాల మధ్య కాలెక్కడ కదుపుతాం? పోనీలే, వద్దులే" అన్నారు అత్తయ్య. ఆ "వద్దులే" ఆవిడకు బాగా అలవాటైన మాటలా వినిపించింది. ఆఫీసులో రోజంతా అదే చెవిలో.

జులై 20, ఆదివారం
వెనక వీధిలో మొగులయ్యది మొక్కల నర్సరీ. ఈ వెంచర్ వేయకముందు మా ఇల్లున్న చోటు ఆయన పొలమే. మట్టి కోసం వెళ్ళి నా గోడంతా వెళ్ళబోసుకున్నాను.

"వాన పడ్డప్పుడు మీరేడుంటరమ్మా?"

ఇంట్లోనే అన్నాను.

"ఇంట్ల కూసుంటే ఏం సమజైతది? గొడుగు పట్టుకొని బయట తిరగాలె. నీళ్లు ఎటుకెళ్లి వస్తున్నయో అవే చెప్తయి."

జులై 23, సాయంత్రం 5.30
వాన మొదలవగానే మొగులయ్యకు ఫోన్ చేశాను, వచ్చేశాడు. ఈయనతో కలిపి ముగ్గురం గొడుగులేసుకుని ఇంటి చుట్టూ ప్రదక్షిణలు. పక్కింటివాళ్ళు బాల్కనీలోకొచ్చి మరీ చూశారు.

మేడ మీది నీళ్ళన్నీ ఒకే పైపులోంచి వచ్చి గోడ మొదట్లోనే పడుతున్నాయి. నేను ముచ్చటపడి గోడవార వేయించిన పూలపాదు తొట్టిలా నిండుతోంది. నేల వాలు కూడా ఇంటివైపే. ఆ నీళ్ళు మట్టిలోకి దిగి, గోడను నెట్టుకుంటూ లోపలికి వస్తున్నాయి.

"నీళ్లు బయట నుంచి వస్తుంటే లోపట రంగేసి ఏం ఫాయిదా సారూ?" అన్నాడు. ఈయన గొడుగు కాస్త కిందికి దించుకున్నారు.

మొగులయ్య గోడ మీద చెయ్యి పెట్టాడు. "ఈడ మా బాపు తవ్విన ఊటబాయి ఉండె. పూడ్చిండ్రు గని, ఊట యాడికి పోతది?"



ఆగస్టు 4
వారం నుంచి ఇంటి చుట్టూ తవ్వకాలే. మనుషుల్ని తెచ్చింది, దగ్గరుండి చేయించింది మొగులయ్యే. గోడకు బయటివైపు తారు పూత. పునాది పక్కన కందకం, అందులో చిల్లుల పైపు, దాని మీద కంకర. మేడ మీది పైపును పది అడుగుల దూరానికి పొడిగించాం. మట్టి పోసి, దిమ్మిస కొట్టి, వాలు బయటికి తిప్పాం. నా పూలపాదు పోయింది. కొంచెం ఏడ్చాను.

పైపులోకి దిగే ఊట నీళ్ళు సెల్లార్ మూలన కొత్తగా తవ్వించిన గుంటలో చేరతాయి. నిండితే మోటారు దానంతటదే తోడేస్తుంది. వానొస్తే ముందు పోయేది కరెంటే కాబట్టి ఇన్వర్టర్‌కు కలిపాం. తోడిన నీళ్ళు ఎక్కడికి వదలాలన్నది ప్రశ్న. మొగులయ్య నర్సరీకే, అన్నారు అత్తయ్య. ఆయన తలపాగా సర్దుకుంటూ అటు తిరిగిపోయాడు.

ఆగస్టు 10, ఆదివారం
మళ్ళీ తడి! నా ప్రాణం పోయింది. తీరా చూస్తే ఈయన మోటారు ప్లగ్ పీకి ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నారు.

ఆగస్టు 11
ఈయనకు సెల్లార్ ప్రవేశం నిషిద్ధం. అత్తయ్య ఆర్డర్.

ఆగస్టు 15
వచ్చింది పదకొండు మంది కాదు, పన్నెండు. పన్నెండో ఆవిడ లచ్చమ్మ, మొగులయ్య భార్య. "గీ వయసుల గజ్జెలేంది అక్కా, నవ్వుతరు" అంటూ గంటసేపు మెట్ల మీదే కూర్చుంది. ఆఖరికి చీర కొంగు బిగించి దిగింది. అత్తయ్య మొదటి అడుగు వేసి చూపించారు. నలభై ఏడేళ్ళ తర్వాత. మోకాలు టక్కుమంది. అందరికీ వినపడింది. అందరికంటే ముందు ఆవిడే నవ్వారు.

ఆగస్టు 17, ఆదివారం
పొద్దున్నుంచి ఒకటే వాన. క్లాస్ అయ్యాక కిందికి దిగాను. నేలంతా తడి. మోటారు ప్లగ్ పెట్టే ఉంది. వంగి చూశాను.

చెమట.