పాట నువ్వే ఎత్తుకోవాలి

అమ్మా, నేను క్షేమం. ఫోనులో చెబితే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు మా హక్కుల కమిషన్ తరఫున షాద్‌నగర్ అవతల ఒక ఊరికి విచారణకు వెళ్లాను. మన కులం ఆడవాళ్లను ఊరి నడుమ బొడ్రాయి దగ్గర బతుకమ్మ ఆడనివ్వడం లేదని ఫిర్యాదు.

"ఎవలాపిండ్రు మేడం? వాళ్లే రారు" అన్నాడు సర్పంచ్.

ఫిర్యాదు చేసిన ముసలామె ఎల్లవ్వ, "ఎవలన్న రమ్మని పిలిచిండ్రా?" అని అడిగింది. ఆ మాటకు సర్పంచ్ భార్యే లేచి, ఎల్లవ్వ బతుకమ్మను తన చేతులతో తెచ్చి నడుమ పెట్టింది. ఆట మొదలైంది.

నాకు మన వాడ వెనక బాట గుర్తొచ్చింది. ఊళ్లోంచి పాట వినబడితే ఆ వరసకే నువ్వు మమ్మల్ని ఆడించేదానివి. గునుగుపూలకు అద్దిన రంగు పండగ అయ్యేదాకా నీ వేళ్లకుండేది.

"నిలబడ్డవేంది బిడ్డా, రా" అని ఎల్లవ్వ పిలిస్తే, ఫైలు డ్రైవరుకిచ్చి నేనూ కలిశాను.

మోకాళ్లకు మందు వేసుకుంటున్నావా? నల్లా నీళ్లే తాగు, బోరువి వద్దు. తంగేడు ఎక్కువ తెమ్మని తమ్ముడు పరమేష్‌కు చెప్పు. సద్దుల బతుకమ్మకు వస్తున్నాను. ఈసారి మన బతుకమ్మనూ ఊరి నడుమనే పెడదాం. వద్దనకు, పాట నువ్వే ఎత్తుకోవాలి.

బాపుకు, పెద్దమ్మకు దండాలు.

నీ బిడ్డ
కరుణ