రెండో సాక్షి

జనవరి 20, 2025. సోమవారం
ఎవిడెన్స్ క్లాసులో లావణ్య మేడం అసైన్‌మెంట్ ఇచ్చారు. హోస్టైల్ విట్నెస్ ఉన్న జడ్జిమెంట్ ఒకటి వెతికి, సాక్షి ఎక్కడ మాట మార్చాడో రాయాలట. మన గోదావరి జిల్లాల కేసే కావాలన్నారు. లా కాలేజీలో చేరిన మూడేళ్ళకి మొదటిసారి ఇష్టమైన పని దొరికింది.

జనవరి 22
కోర్టు వెబ్‌సైట్‌లో సరదాగా మా మొగల్తూరు పేరు కొట్టాను. ఒకటి వచ్చింది. 2013లో జరిగింది. రొయ్యల చెరువులో దొంగలు పడకుండా గట్టు చుట్టూ తీగ కట్టి కరెంటు పెట్టారు. గడ్డి కోసుకోవడానికి వెళ్ళిన రూతు అనే పదిహేడేళ్ళ అమ్మాయి చనిపోయింది. చెరువు యజమాని మీద కేసు. కళ్ళారా చూసినవాడు ఒక్కడే, చెరువు కాపలా మనిషి. పోలీసులకి అంతా చెప్పాడు. కోర్టులో మాత్రం అసలు తీగే లేదన్నాడు. కేసు కొట్టేశారు.

రూతు అంటే మా చర్చి సంపూర్ణమ్మ గారి కూతురు. కరెంటు షాక్‌తో పోయిందని వినడమే తప్ప కేసు సంగతి నాకు తెలీదు.

పి.డబ్ల్యు. 2, అంటే ప్రాసిక్యూషన్ రెండో సాక్షి, బొంతు చిట్టియ్య.

మా నాన్న.

జనవరి 23
క్లాసుకి వెళ్ళలేదు.

జనవరి 28
మూడు గంటలు లైబ్రరీలో కూర్చున్నాను. నిర్దోషి అని వదిలేసిన మనిషిని అదే నేరానికి మళ్ళీ విచారించకూడదు. అప్పీలు గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ తర్వాత చదివిందంతా అబద్ధపు సాక్ష్యం గురించే. నాన్నని ఇప్పుడు జైల్లో పెట్టొచ్చా, లేదా. రూతు గురించి ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

క్లాసులో మేడం పి.డబ్ల్యు. 2 అన్నప్పుడల్లా నన్నే పిలిచినట్టు తలెత్తుతున్నాను. హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేసుకోలేకపోతున్నాను. రూమ్మేట్ రమ్యశ్రీ చేత ఆరేయిస్తున్నాను. ఆరేసేది తీగ కూడా కాదు, ఉత్త ప్లాస్టిక్ తాడు.

ఫిబ్రవరి 2, ఆదివారం
ఇంటికొచ్చాను. చర్చిలో సంపూర్ణమ్మ గారు ఎప్పటిలాగే నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. లాయరమ్మవై మా లాంటోళ్ళ పక్కన నిలబడాలి ప్రిస్కిల్లా అన్నారు. నేను కళ్ళు తెరవలేదు.

నాన్నది ఎప్పుడూ చివరి వరసే. ఆవిడ లేచేలోపు బయటికి వెళ్ళిపోతాడు. ఇన్నేళ్ళూ బీడీ కోసం అనుకున్నాను.

అదే రోజు, సాయంత్రం 4
జడ్జిమెంట్ ప్రింటు నాన్న ముందు పెట్టాను. ఇంగ్లీషు రాదు. తన పేరెక్కడుందో చూపించమన్నాడు. చూపిస్తే దాని మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

సాక్ష్యానికి ముందు వారమంతా చెరువు యజమాని మనుషులిద్దరు మా వీధి చివర ఉండేవారట. నువ్వు బడికెళ్తుంటే నీ వెనకాలే నడిచేవోళ్ళమ్మా, ఏమీ అనేవోళ్ళు కాదు, నడిచేవోళ్ళంతే, అన్నాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఏమీ గుర్తులేదు. ఇప్పుడు మాత్రం వెనక్కి తిరిగి చూడాలనిపిస్తోంది.

కేసు ఇక నడవదు, సంపూర్ణమ్మ గారికైనా నిజం చెప్పు నాన్నా అన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం
పొద్దున నాన్నే చొక్కా వేసుకుని, పదమ్మా అన్నాడు.

సంపూర్ణమ్మ గారి గుమ్మం బయటే నిలబడి అంతా చెప్పాడు. తీగ ఉందని, తను చూశాడని, కోర్టులో అబద్ధమాడాడని. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి ఒక్కటే అడిగారు. నా బిడ్డ ఎవర్నన్నా పిలిచిందా చిట్టియ్యా అని.

లేదండి, క్షణంలో అయిపోయిందండి, పిలిచే టైమే లేదు అన్నాడు నాన్న.

తిరిగొస్తూ కాలవ గట్టు మీద కూలబడ్డాడు. అమ్మా, అమ్మా అని పిలుస్తూనే ఉందట. మెయిన్ స్విచ్ ఆపడానికి నాన్న షెడ్డు దాకా పరిగెత్తినంతసేపూ.

ఫిబ్రవరి 12
రాజమండ్రి వచ్చేశాను. అసైన్‌మెంట్ ఇచ్చేశాను. వేరే కేసు మీద.

ఫిబ్రవరి 16
సంపూర్ణమ్మ గారు ఫోన్ చేశారు. నువ్వు చదువుకున్న పిల్లవి, కాయితాలన్నీ చూసుంటావు, మీ నాన్న చెప్పింది నిజమేనా, నా బిడ్డ పిలవలేదా అని అడిగారు.

పిలవలేదండి అన్నాను.