గెలిచినవాడి చెప్పులు

బాపూ,

పార్లమెంటు ఫలితాలు వచ్చాయి. నీ పార్టీయే గెలిచింది. పొద్దుటి నుంచి టీవీకీ గేటుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను, ఒక్కచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

మధ్యాహ్నం తొండుపల్లి నుంచి నీ దోస్తు యూసుఫ్ చాచా వచ్చాడు. ఓడినవాడు గెలిచినవాడి చెప్పులు చేత పట్టుకుని పహాడీ షరీఫ్ దర్గా మెట్లెక్కాలని మీ ఇద్దరి పందెం కదా.

"బాపే లేడు, ఇగ పందెం ఏంది చాచా?" అన్నాను.

"నేనున్న గద. చెప్పులియ్యి బిడ్డా."

నువ్వు చనిపోయినప్పటి నుంచి గుమ్మం పక్కన ఎవరమూ కదపని చెప్పులు తుడిచి ఇచ్చాను.

చీకటి పడుతోంది, చాచా ఇంకా తిరిగి రాలేదు. మళ్లీ గేటు దాకా వెళ్లి వచ్చేసరికి, గుమ్మం పక్కన ఖాళీ చూసి అమ్మ అలవాటుగా అడిగింది, "మీ బాపు ఎటు పోయిండు?"

"చాచాతోని పహాడీ షరీఫ్ పోయిండమ్మా" అన్నాను.