దొంగసీసా

పిచ్చుకా,

మొన్న ఇక్కడికి వచ్చినప్పుడు మీ అత్తగారితో ఫోన్లో "మా అమ్మమ్మ రిటైరైందండీ, కంపెనీవాళ్ళు గోడ గడియారం కూడా ఇచ్చారు" అన్నావు. పక్క గదిలోంచి విన్నాను. రెండూ తప్పే. నేను రిటైర్ కాలేదు, నన్ను తీసేశారు. గడియారం నేనే కొనుక్కున్నాను. ఉత్త చేతులతో ఇల్లు చేరడానికి ముఖం చెల్లక, బస్సు దిగి ఎదురుగా కనిపించిన కొట్లో దూరాను. మీ అమ్మ మురిసిపోయి దాన్ని హాల్లో తగిలించింది. అది మోగినప్పుడల్లా ఎవరో నా అబద్ధాన్ని పైకి చదువుతున్నట్టుండేది. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

మందుల కంపెనీలో నా పని నీకు తెలుసు. వెలిగే తెల్ల పలక ముందు కూర్చుని, కదిలిపోయే సీసాల్లో నలుసుందేమో చూడటం. మేం కునుకు తీయకుండా సూపర్‌వైజర్ అప్పుడప్పుడు కావాలనే నలుసున్న సీసా ఒకటి వదులుతాడు. దాన్ని దొంగసీసా అంటాం. అది వస్తుంటే ముందు కూర్చున్నావిడ దగ్గుతుంది, వెనకావిడ జాగ్రత్తపడుతుంది. అక్కడి మర్యాద అది. నేను మాత్రం "కెమిస్ట్రీ చదివినదాన్ని, నాకు నీ దగ్గెందుకు" అని వెక్కిరించేదాన్ని. నా ముందు కూర్చునే ఆవిడకి దగ్గులమ్మ అని పేరు పెట్టిందీ నేనే.

ఆ రోజు ఆవిడ దగ్గింది. మళ్ళీ దగ్గింది. నేను కళ్ళు చిట్లించి చూస్తూనే ఉన్నాను, సీసా నా ముందునుంచే వెళ్ళిపోయింది.

భోజనాల వేళకల్లా మేనేజర్ పిలిచి "పెద్దవారు, ఇంక ఇంట్లో కూర్చోండమ్మా" అన్నాడు. నన్నొక్క మాట అడగలేదు, కారణం కాగితం మీద పెట్టలేదు. గేటు దగ్గర కార్డు తీసుకుని సంచి బోర్లించమన్నారు. దువ్వెన, నీళ్ళ సీసా, నలిగిన రుమాలు బల్లమీద పడ్డాయి. అందరూ చూస్తున్నారు. బడిలో కూడా నన్నెవరూ అలా నిలబెట్టలేదు.

పోయిన వారం దగ్గులమ్మ ఇంటికొచ్చింది. మీ అమ్మ గడియారం చూపించి "ఆఫీసువాళ్ళు ఎంత బాగా చూసుకున్నారో" అంది. ఆవిడ దాని వంక చూసి, నా వంక చూసి, "బాగుందండీ" అని ఊరుకుంది. ఒక్క మాటన్నా తిట్టి ఉంటే బాగుండేది, నాకు తల తీసేసినట్టయింది.

గుమ్మం దాకా సాగనంపితే, "లేబర్ ఆఫీసుకి వెళ్దాం పదండి. ఫిర్యాదుకి గడువు ఈ నెలాఖరుతో సరి" అంది.

"వెళ్ళి ఏం చెప్పను? సీసా వదిలింది నేనేగా."

"ఆ మాటే చెప్పండి. తక్కింది నేను చెప్తాను. మిమ్మల్ని అడక్కుండా పంపించడం చూసినదాన్ని."

ఆవిడ ఉద్యోగం ఇంకా అక్కడే ఉందని గుర్తుంచుకో. నేనైతే ఆవిడ కోసం ఆ మాట అని ఉండేదాన్నా అని ఆలోచించాను. జవాబు నచ్చలేదు.

వెళ్ళాం. సీసా సంగతి గొణిగాను. అధికారి పెన్ను పక్కన పెట్టి, "మీరు తప్పే చెయ్యలేదని నిరూపించక్కర్లేదమ్మా. ఒక్క తప్పుకి తీసెయ్యొచ్చా, తీసేముందు మీ సంజాయిషీ అడిగారా, అదీ చూడాల్సింది" అన్నాడు. ముందు కంపెనీని పిలిచి మాట్లాడతాడట, కుదరకపోతే కోర్టుకి పంపుతాడట. ఉద్యోగం కావాలా, పరిహారమా అన్నాడు. ఉద్యోగమే రాయమన్నాను. దగ్గులమ్మ నవ్వు దాచుకోవడానికి దగ్గింది.

మీ అమ్మకి ఇవాళ చెప్పాను. గడియారం దింపబోయింది. ఉండనీవే, టైమన్నా నిజం చెప్తోంది అన్నాను.

లేబర్ ఆఫీసువాళ్ళు బుధవారం రమ్మన్నారు, నువ్వూ రా. వచ్చేటప్పుడు బస్టాండు పక్క కళ్ళద్దాల కొట్లో నా కొత్త అద్దాలు తీసుకో. డాక్టరు "ఇన్నాళ్ళూ ఎలా చూశారండీ" అన్నాడు. నల్ల ఫ్రేమే చెప్పాను, గులాబీరంగుది అంటగడతాడు, ఒప్పుకోకు. ఆ పక్కనే మందుల కొట్లో దగ్గు బిళ్ళలు ఒక పొట్లం కొను. నాక్కాదు, ఆవిడకి.

మీ అమ్మమ్మ