మేనమామ గంప, నా రెండు కళ్లు

11 ఫిబ్రవరి 2008, సోమవారం. చింతామణి

కొత్త జీవితం మొదలు! కంటి డాక్టరు తేల్చి చెప్పేశారు: "పొద్దస్తమానం మానిటర్ ముందు కూర్చుంటే ఈ కళ్లు ఎక్కువ కాలం రావమ్మా." నిజమే. సాయంత్రమయ్యేసరికి నాకు ప్రతి పెళ్లికొడుకూ ఇద్దరుగా కనిపిస్తున్నాడు. మా ఆయన రవీంద్ర పెళ్లిళ్లకు వెళ్లి వీడియో తీస్తారు, విందు తింటారు. ఆ క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, కోసి, అతికించి, అంటే మిక్సింగ్ చేసి, సీడీ తీసేది నేను. నా వాటా కళ్లమంట.

నియమాలు రాసి గోడకు అంటించాను. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల అవతలికి చూడాలి. రెప్పలు బాగా కొట్టాలి. కిటికీ తెరిచి పని చేయాలి. ఎంత సులువు!

12, మంగళవారం

బట్లహళ్ళి చౌడమ్మ కూతురి పెళ్లి క్యాసెట్లు వచ్చాయి. మా గది పొడవు ఎనిమిది అడుగులు. ఇరవై అడుగులు చూడాలంటే మిద్దె ఎక్కాలి. ఎక్కాను. అంబాజీ దుర్గం కొండను చూశాను. దిగాను. మళ్లీ ఎక్కాను. కొండ అక్కడే ఉంది. కళ్లు చల్లగా ఉన్నాయి! మోకాళ్ల సంగతి తర్వాత.

"ఏమే, మిద్దె మీద ఏం చేస్తాండావు?" అన్నారు మా ఆయన.

"కొండను చూస్తాండా."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. ఆయన కళ్లకూ వ్యాయామమే.

14, గురువారం

మిద్దె మానేశాను. నడవ చివర టీవీ సరిగ్గా ఇరవై అడుగుల దూరంలో ఉంది. దూరంగా చూడమన్నారు గానీ టీవీ వద్దని డాక్టరు చెప్పలేదు కదా! ఒక సీరియల్ పూర్తిగా చూశాను. విశ్రాంతి అంటే ఇది.

కిటికీ కూడా మూసేశాను. వెలుతురు పడితే మానిటర్ మీద పెళ్లికూతురికి బదులు నా మొహం కనిపిస్తోంది. అది ఇంకా బాధ.

15, శుక్రవారం

బ్రహ్మాండమైన ఉపాయం! క్యాసెట్ కంప్యూటర్లోకి ఎక్కడానికి గంట పడుతుంది. ఎక్కేది అది, నేను చూస్తూ కూర్చోవడమెందుకు? కళ్ల మీద నందివర్ధనం పూలు పెట్టుకుని పడుకున్నాను. మధ్యలో కరెంటు పోయి వచ్చినట్టుంది. లేచేసరికి అన్నీ ఆగి ఉన్నాయి. క్యాసెట్ అయిపోయిందనుకుని పని ముగిసినవాటిలో పడేశాను. మిగతాది రెప్పలు కొడుతూ చకచకా కోసేసి, సీడీ పంపించేశాను. కళ్లు తేటగా ఉన్నాయి!

19, మంగళవారం

చౌడమ్మ సీడీ పట్టుకుని వచ్చింది. వెనకాల ఆమె తమ్ముడు గంగాధరప్ప. పెళ్లి మొక్కు తీర్చుకుని గుండుతో ఉన్నారు.

"ఏమ్మా, మా తమ్ముడు యాడ?"

"మీ వెనకే ఉండాడు కదమ్మా."

"సీడీలో యాడ? పాపను గంపలో కూకోబెట్టి మంటపానికి మోసుకొచ్చిండేది మేనమామ! గంపా లేదు, మామా లేడు. మా పాప ఎగిరొచ్చిందా?"

గంగాధరప్పను "అక్క కూతురి పెళ్లికి పోలేదంట కదా" అని ఊళ్లో అప్పుడే అడుగుతున్నారట. ఆయన కళ్లు నా కళ్లకంటే ఎర్రగా ఉన్నాయి. నాకు నిజంగానే సిగ్గేసింది.

కరెంటు పోయి సగమే ఎక్కిన ఆ క్యాసెట్ తీసి మళ్లీ ఎక్కిద్దామంటే అదీ లేదు. ముగిసిన క్యాసెట్ దండగెందుకని మా ఆయన దాని మీద మురుగమల్లలో ఎవరిదో గృహప్రవేశం తీసేశారు.

21, గురువారం

గంప మళ్లీ మోయించాం. పెళ్లికూతురు అత్తగారింటి నుంచి వచ్చింది. మెట్టెలు కనపడకుండా చీర సర్దాం. మామ గుండు కనపడకుండా మైసూరు పేటా తలపాగా పెట్టాం. గంప ఎత్తగానే పాపం ఆయనకు నడుం పట్టేసింది.

"ఇంగొకసారి ఎత్తప్పా, మసకగా వచ్చింది" అన్నారు మా ఆయన.

ఎత్తారు.

22, శుక్రవారం

పొద్దున్నుంచి మానిటర్ ముందే. పాత వెలుతురుకు కొత్త వెలుతురు అతకాలి. రెప్ప వేస్తే తేడా దొరకదు. నియమాల కాగితం కాఫీ లోటా కింద ఉంది. నందివర్ధనాలు తల్లో పెట్టుకున్నాను. ఇప్పుడు గంగాధరప్ప ముగ్గురుగా కనిపిస్తున్నారు. మొన్న ఒక్కరూ లేరు!

24, ఆదివారం

బట్లహళ్ళిలో సీడీ వేశారు. టీవీకి మూరెడు దూరంలో ఊరంతా. గంప రాగానే ఈలలు! గంగాధరప్ప తనను తాను చూసుకుని చేత్తో నోరు మూసుకుని నవ్వారు. చౌడమ్మ మా ఆయనకు శాలువా కప్పింది.

"చానా బాగా చేసిండావప్పా!"

ఆయన వంగి మరీ కప్పించుకున్నారు. నా పేరు ఎత్తలేదు.

అప్పగింతలు వచ్చేసరికి నా కళ్లలోంచి ధారగా నీళ్లు, మంటకు. పక్కనున్న ముసలమ్మ వీపు నిమిరింది. "ఊరుకోమ్మా, ఆడబిడ్డ పోతాంటే ఎవురికైనా ఏడుపొస్తాది. ఇంతకీ నువ్వు వాళ్లకేమవుతావు?"

ఒళ్లు మండింది.

25, సోమవారం

మళ్లీ మొదలు! కొత్త కాగితం, అవే నియమాలు. ఈసారి తప్పేది లేదు. పైన ఒకటి కలిపాను: ప్రతి సీడీ చివర "మిక్సింగ్: హేమావతి" అని నా పేరు ఉండాలి. ముందు అదొకటి చేసేద్దామని పొద్దున్నే కూర్చున్నాను. అక్షరాలకు పసుపు రంగు వేశాను. వెనకాల పూలు రాల్చాను. మా ఆయన పేరు కంటే కాస్త పెద్దవి చేశాను. ఇంకాస్త పెద్దవి చేశాను.

మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు. "అన్నం పొద్దయింది. నీ ఇరవై నిమిషాలు ఇంగా కాలేదా?"

నేను కళ్లు తిప్పలేదు.

"నా పేరు చూసుకుంటాండా. ఇరవై నిమిషాలు రేపట్నుంచి."